డీసీ కామిక్స్ ఎక్కడ మొదలుపెట్టాలన్నా?

ప్రశ్న: అన్నా, మాది కర్నూలు. సి.క్యాంపు దగ్గర ఒక మందుల ఏజెన్సీలో బిల్లింగ్ చూస్తాను. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఆ తర్వాత బీకాం. మార్వెల్ సినిమాలు తెలుగు డబ్బింగ్‌లో చూస్తూ పెరిగాను కాబట్టి అందులో ఎవరు ఎవరో తెలుసు. డీసీలో మాత్రం సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ పేర్లు తప్ప ఏమీ తెలీదు. హైదరాబాద్ పోయినప్పుడు ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద 'ఫైనల్ క్రైసిస్' అనే పుస్తకం కనబడితే ఆశగా కొనుక్కున్నాను. మొదట్లోనే ఎవరో ఆదిమానవుడు, ఎగిరే కుర్చీలో ఇంకొకాయన. కొన్ని పేజీలు తిప్పితే చెత్తకుప్పలో ఒకాయన చనిపోతుంటాడు. వీళ్లంతా ఎవరో తెలీక సగంలో మూసేశాను. మా రూమ్మేట్ 1938 నుంచి వరసగా చదవాలని పెద్ద లిస్టు పంపాడు. అది చూస్తేనే టెన్షన్ వచ్చింది. నెలకు ఆరేడు వందలకు మించి పెట్టలేను. నా ఇంగ్లీషు సరిపోతుందా అని ఇంకో భయం. మా అన్నేమో 'ఈ వయసులో బొమ్మల పుస్తకాలేందిరా' అంటాడు. ఎక్కడ మొదలుపెట్టాలో నువ్వే చెప్పన్నా.

జవాబు: తమ్ముడూ, ముందు ఆ 'ఫైనల్ క్రైసిస్' సంగతి చూద్దాం. అది అర్థం కాలేదంటే లోపం నీలో లేదు. 2008లో మొదలై ఏడు సంచికలుగా వచ్చిన కథ, గ్రాంట్ మోరిసన్ రచన. ఏళ్ల తరబడి డీసీ చదువుతున్నవాళ్లు కూడా దాని దగ్గర తలలు పట్టుకున్నారు. నువ్వు చూసిన ఆదిమానవుడి పేరు ఆంత్రో, 1968లో వచ్చిన పాత్ర. ఎగిరే కుర్చీలో కూర్చున్నవాడు మెట్రాన్, చెత్తలో ప్రాణం విడిచినవాడు ఒరాయన్. ఈ ఇద్దరూ 1971లో జాక్ కర్బీ మొదలుపెట్టిన 'న్యూ గాడ్స్' అనే దేవతల కథలోని వాళ్లు. ఇవన్నీ నీకు ముందే తెలుసనుకుని ఆ పుస్తకం మొదలవుతుంది. ఇలాంటివాటిని ఈవెంట్లు అంటారు. ఉన్న హీరోలందర్నీ ఒకచోటికి పోగేసి, సృష్టి మొత్తానికే ముప్పు తెచ్చిపెట్టే కథలు. ఎన్నో ఏళ్లుగా విడివిడిగా నడిచిన సంగతులు అక్కడికొచ్చి కలుస్తాయి. కాబట్టి అట్ట మీద 'క్రైసిస్' అన్న మాట కనిపిస్తే ప్రస్తుతానికి దాని జోలికి పోవద్దు. నీ దగ్గరున్నదాన్ని మాత్రం అమ్మేయకు. పదిహేను ఇరవై పుస్తకాలు చదివాక తీసి చూడు, అప్పుడు అది వేరే పుస్తకంలా ఉంటుంది.

ఇక మీ రూమ్మేట్ లిస్టు. ప్రేమతోనే పంపించి ఉంటాడు గానీ, దాన్ని పట్టుకుని కూర్చుంటే నువ్వు కామిక్స్ మానేయడం ఖాయం. ఎందుకో చెప్తాను.

1938 జూన్ తేదీతో 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచిక వచ్చింది. వెల పది సెంట్లు. జెర్రీ సీగెల్ రాసి, జో షుస్టర్ బొమ్మలు గీసిన సూపర్‌మ్యాన్ అందులో పుట్టాడు. ఆ సూపర్‌మ్యాన్‌కు ఎగరడం రాదు, ఎత్తుకు ఎత్తు దూకుతాడు, అంతే. మరుసటేడు 'డిటెక్టివ్ కామిక్స్' 27వ సంచికలో బ్యాట్‌మ్యాన్ వచ్చాడు, 1941లో వండర్ ఉమన్ వచ్చింది. వీళ్లందరికీ కలిపి ఒక పెద్ద లోకం కట్టాలని ఆనాడు ఎవరూ ప్లాను వేసుకోలేదు. నెలనెలా పుస్తకం అచ్చు కావాలి, పిల్లలు కొనాలి, అదొక్కటే లెక్క. ఆ తర్వాత వచ్చినవాళ్లు ఎవరి కాలానికి తగ్గట్టు వాళ్లు కథలు చేర్చుకుంటూ పోయారు.

1956లో ఫ్లాష్ అనే పాత హీరో పేరుతోనే ఒక కొత్త హీరోను తెచ్చారు. మరి పాత ఫ్లాష్ ఏమైనట్టు? దానికి 1961లో ఒక కథ రాశారు. పాతవాడు వేరే భూమి మీద ఉన్నాడు, కొత్తవాడు ఆ భూమి మీదకు వెళ్లి అతన్ని కలిశాడు అని. బహు భూముల గొడవంతా అక్కణ్ణుంచే మొదలైంది. భూములు పెరిగి పెరిగి రాసేవాళ్లకే లెక్క తప్పడంతో, 1985-86లో మార్వ్ వుల్ఫ్‌మన్, జార్జ్ పెరెజ్ పన్నెండు సంచికల 'క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్'లో అన్నింటినీ కలిపి ఒకటి చేశారు. 2011లో మళ్లీ మొత్తం చెరిపి, 52 పత్రికలను ఒకటో నంబరుతో కొత్తగా మొదలుపెట్టారు. 2016లో చెరిపినవాటిలో కొన్నింటిని వెనక్కి తెచ్చుకున్నారు. ఇంతటి లోకంలో 'మొదటి నుంచి చదువు' అంటే ఏ మొదలు పట్టుకుంటావు? 1938 మొదలుకు, 1986 మొదలుకు, 2011 మొదలుకు ఒకదానితో ఒకటి పొసగదు.

పైగా ఇది వరసగా చదవడానికి రాసింది కాదు. మన అనంతపురం వైపు నిమ్మలకుంట వాళ్లు తోలుబొమ్మలాట కడితే, ఆ రాత్రి లంకాదహనం అంటే లంకాదహనమే. బాలకాండ చూసొచ్చావా అని ఎవరూ అడగరు. బొమ్మ తెర మీదకు రాగానే తానెవరో, ఎందుకొచ్చిందో దరువులో చెప్పుకుంటుంది. అప్పుడే వచ్చి కూర్చున్నవాడికి కూడా కథ అందుతుంది. మంచి కామిక్ రచయిత కూడా ఈ పని చేస్తాడు. 1978 నుంచి 1987 దాకా మార్వెల్‌కు ప్రధాన సంపాదకుడిగా ఉన్న జిమ్ షూటర్, ప్రతి సంచికా ఎవరో ఒకరికి మొదటిదై ఉంటుందని, పాత్రల పేర్లు, వాళ్ల శక్తులు అందులోనే తెలియాలని పట్టుబట్టేవాడు. కొత్తగా వచ్చేవాళ్ల కోసం తలుపు తెరిచి పెట్టడం ఈ వృత్తిలో భాగం. అలా తెరిచి ఉన్న పుస్తకం ఏదో తెలిస్తే నీ పని అయిపోయినట్టే.

నా సలహా ఏమిటంటే, లోకాన్ని పట్టుకోకు, ఒక మనిషిని పట్టుకో. ఒక హీరో, ఒక రచయిత, మొదలూ చివరా ఉన్న ఒక పుస్తకం. మార్వెల్ హీరోలు చాలామంది న్యూయార్క్‌లోనే తిరుగుతారు, అందుకే ఒకరి కథలోకి ఇంకొకరు వచ్చిపోతుంటారు. డీసీలో ఎక్కువగా ఎవరి ఊరు వాళ్లకుంది, అవన్నీ కల్పించిన ఊళ్లే. బ్యాట్‌మ్యాన్‌ది గోథమ్, సూపర్‌మ్యాన్‌ది మెట్రోపొలిస్, ఫ్లాష్‌ది సెంట్రల్ సిటీ, నైట్‌వింగ్‌ది బ్లడ్‌హేవెన్. ఒక్క గోథమ్‌లోనే నువ్వు మూడేళ్లు కాపురం ఉండొచ్చు, పక్క ఊళ్లో ఏం జరుగుతోందో తెలియకపోయినా కథకు లోటు రాదు.

నీకోసం నేను ఎంచే మొదటి పుస్తకం 'సూపర్‌మ్యాన్ ఫర్ ఆల్ సీజన్స్'. 1998లో నాలుగు భాగాలుగా వచ్చింది. జెఫ్ లోబ్ రాశాడు, టిమ్ సేల్ గీశాడు. చాలామంది కొత్తవాళ్లకు ముందు బ్యాట్‌మ్యాన్ ఇస్తారు. నేను దీన్ని ముందు పెట్టడానికి కారణాలున్నాయి.

నాలుగు భాగాలు నాలుగు రుతువులు. ఒక్కో భాగాన్ని ఒక్కో మనిషి చెప్తారు. వసంతం క్లార్క్‌ను, అంటే మన సూపర్‌మ్యాన్‌ను, పెంచిన తండ్రి గొంతు. వేసవి లోయిస్ లేన్ అనే విలేకరిది. ఆకురాలు కాలం అతనంటే పడని లెక్స్ లూథర్‌ది. శీతాకాలం చిన్ననాటి స్నేహితురాలు లానా ల్యాంగ్‌ది. సూపర్‌మ్యాన్ తన గురించి తాను చెప్పుకోడు. అతన్ని చూస్తున్న నలుగురి మాటల్లోంచి మనం అతన్ని పోల్చుకోవాలి. ఆ తండ్రి భాగం చదివితే నేను చెప్పేది నీకు అర్థమవుతుంది. సేద్యం చేసుకునే మనిషి. కొడుకు ఎదుగుతున్నాడు, మామూలు ఎదుగుదల కాదని తెలుస్తోంది, తమ చిన్న ఊరు వాడికి చాలదనీ తెలుస్తోంది. ఆపలేడు, పొమ్మనలేడు. ఊరి మీదకు సుడిగాలి వచ్చినప్పుడు క్లార్క్ చేయగలిగింది చేస్తాడు, అయినా ఇంకా చేయగలిగేవాణ్ణి కదా అన్న బాధ అతన్ని వదలదు. చివరికి పట్నం పోతాడు. రాయలసీమలో ఏ పల్లెకు పోయినా బెంగళూరుకో హైదరాబాద్‌కో కొడుకును పంపించి ఫోను కోసం చూసే తండ్రులు కనిపిస్తారు. ఆ పేజీల్లో వాళ్ల మనసే కనిపిస్తుంది నాకు. ఉక్కు మనిషి బలం గురించి వెయ్యి కథలున్నాయి, ఇది అతని బెరుకు గురించిన కథ.

బొమ్మలు కూడా నీకు సాయం చేస్తాయి. టిమ్ సేల్ పేజీ నిండా ఒకే బొమ్మ గీసి వదిలేస్తాడు. ఇంటి ముందు కంచె, పొలం, ఆకాశం. చదవాల్సిన మాటలు నాలుగైదు పంక్తులే ఉంటాయి. ఆ తండ్రి మాట్లాడే ఇంగ్లీషు పల్లెటూరి మనిషి ఇంగ్లీషు, చిన్న చిన్న వాక్యాలు. నీ భయానికి ఇంతకంటే మంచి మందు నాకు తెలీదు.

రెండో పుస్తకం 'బ్యాట్‌మ్యాన్: ఇయర్ వన్'. 1987లో బ్యాట్‌మ్యాన్ పత్రిక 404 నుంచి 407 వరకు నాలుగు సంచికల్లో వచ్చింది. రచన ఫ్రాంక్ మిల్లర్, బొమ్మలు డేవిడ్ మజ్జుకెల్లి, రంగులు రిచ్‌మండ్ లూయిస్. జనవరి 4న ఇద్దరు మనుషులు గోథమ్‌లో దిగుతారు. పోలీసు అధికారి గోర్డన్ రైల్లో వస్తాడు, కోటీశ్వరుడు బ్రూస్ వేన్, అంటే కాబోయే బ్యాట్‌మ్యాన్, విమానంలో వస్తాడు. ఆ కుళ్లిన ఊరిని బాగుచెయ్యాలని ఇద్దరికీ ఉంది. ఒకరికొకరు తెలీదు. ఏడాది తిరిగేలోపు వాళ్లు ఎలా ఒకరినొకరు నమ్మే దగ్గరికి వచ్చారన్నదే కథ. పేరుకు బ్యాట్‌మ్యాన్ పుస్తకమే గానీ, నన్నడిగితే ఇందులో అసలు హీరో గోర్డనే. చుట్టూ లంచాలు తినే తోటి పోలీసులు, ఇంట్లో గర్భిణి భార్య, తనలోనూ బలహీనతలు. అయినా నిలబడతాడు.

దీన్ని రెండోదిగా పెట్టడానికి ఒక చిన్న కారణముంది, ఎవరూ చెప్పరు. ఇందులో బ్రూస్ మనసులోని మాటలు కలిపిరాతలో ఉంటాయి, గోర్డన్ మాటలు ఇంకో రకం చేతిరాతలో ఉంటాయి. ఎవరు ఆలోచిస్తున్నారో రాత చూసి పోల్చుకోవచ్చు. అందంగా చేశారు. కానీ తెలుగు మీడియంలో చదివి ఇంగ్లీషు కలిపిరాత పెద్దగా అలవాటు లేనివాళ్లకు మొదట్లో కళ్లు ఆగిపోతాయి. ఒక పుస్తకం చదివిన ధైర్యంతో పట్టుకుంటే ఆ ఇబ్బంది రెండు మూడు పేజీల్లో తీరిపోతుంది. ఇందులో హింస, రెడ్‌లైట్ వీధుల సన్నివేశాలు ఉన్నాయి. నీకు పర్లేదు గానీ ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్ల చేతికి ఇవ్వకు.

మూడోది 'ఆల్-స్టార్ సూపర్‌మ్యాన్'. 2005 నుంచి 2008 దాకా పన్నెండు సంచికలు. రాసింది ఎవరనుకున్నావు? నిన్ను అబిడ్స్‌లో ఏడిపించిన ఆ గ్రాంట్ మోరిసనే. బొమ్మలు ఫ్రాంక్ క్వైట్లీ. దీని మొదటి పేజీ దగ్గర కాసేపు ఆగాలి. ఆ పేజీలో నాలుగు ప్యానెళ్లే, అంటే నాలుగు బొమ్మల గళ్లే ఉంటాయి. ఒకదాంట్లో పగిలిపోతున్న గ్రహం, ఒకదాంట్లో తల్లడిల్లే తల్లిదండ్రులైన శాస్త్రవేత్తలు, ఒకదాంట్లో బిడ్డను మోసుకుపోయే రాకెట్, చివరిదాంట్లో ఆ బిడ్డను చేరదీసిన దంపతులు. ఒక్కో ప్యానెల్‌కు రెండే మాటలు, మొత్తం ఎనిమిది. సూపర్‌మ్యాన్ పుట్టుక కథ అంతటితో అయిపోయింది. పేజీ తిప్పితే రెండు పేజీలు నిండేలా సూర్యుడి ముందు ఎగురుతున్న సూపర్‌మ్యాన్. డెబ్బై ఏళ్ల కథ నువ్వు చదవలేదన్న బెంగను ఆ ఒక్క పేజీ తీర్చేస్తుంది. తెలియాల్సినంత చెప్పి, పద పోదాం అంటుంది.

సూర్యుడి దగ్గర ఒక ప్రయోగ నౌకను కాపాడబోయి సూపర్‌మ్యాన్ ఒంట్లోకి మోతాదు మించి శక్తి చేరుతుంది. తాను చనిపోబోతున్నానని తెలుస్తుంది. మిగిలిన కాలంలో ఏం చేస్తాడు అన్నదే మిగతా కథ. మధ్యలో సైన్సు పేర్లతో అర్థంకాని మాటలు వస్తాయి, వాటిని డిక్షనరీలో వెతకొద్దు, అవి అప్పటికప్పుడు పుట్టించిన మాటలు. పదో సంచికలో మేడ అంచున నిలబడి దూకబోతున్న ఒక అమ్మాయి దగ్గరికి సూపర్‌మ్యాన్ వస్తాడు. ఒక్క పేజీ, కొద్దిపాటి మాటలు. ఆ అమ్మాయి తాను అనుకుంటున్నదాని కంటే చాలా బలమైనదని చెప్పి దగ్గరికి తీసుకుంటాడు. ఎవర్నీ కొట్టడు, దేన్నీ ఎత్తడు. ఈ హీరోను ఇన్నేళ్లుగా జనం ఎందుకు పట్టుకుని ఉన్నారో ఆ పేజీ చూస్తే తెలుస్తుంది. నువ్వు అక్కడిదాకా రావాలన్నదే నా కోరిక.

ఈ మూడూ అయ్యాక మిగతా హీరోలు ఎవరెవరో తెలుసుకోవాలనిపిస్తుంది. అప్పుడు డార్విన్ కుక్ రాసి గీసిన 'డీసీ: ది న్యూ ఫ్రాంటియర్' తీసుకో. 2004లో ఆరు సంచికలుగా వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన రోజుల నుంచి 1960 వరకు నడిచే కథ. ఫ్లాష్, గ్రీన్ ల్యాంటర్న్, మార్షియన్ మ్యాన్‌హంటర్ ఒక్కొక్కరే పరిచయమై చివరకు కలుస్తారు. నువ్వు అబిడ్స్‌లో కొన్న పుస్తకంలో ఒక్కసారిగా మీదపడిన జనం ఇక్కడ ఒకరి తర్వాత ఒకరుగా వచ్చి పరిచయమవుతారు. పుస్తకం పెద్దది, ధర కూడా ఎక్కువ, రెండు నెలల డబ్బు దాచుకోవాల్సి రావచ్చు.

ఇప్పుడు నడుస్తున్న కథే చదవాలని ఉంటే 2024 అక్టోబరులో మొదలైన 'అబ్సొల్యూట్ బ్యాట్‌మ్యాన్' ఉంది. స్కాట్ స్నైడర్ రచన, నిక్ డ్రగోటా బొమ్మలు. ఇందులో బ్రూస్ దగ్గర డబ్బు లేదు, భవంతి లేదు, తల్లి బతికే ఉంది. పాత కథతో సంబంధం లేని వేరే లోకం కాబట్టి నువ్వూ, ముప్పై ఏళ్లుగా చదివేవాడూ ఒకే గీత దగ్గర మొదలవుతారు. మొదటి సంపుటం పేరు 'ది జూ'. కాస్త మోటుగా, రక్తపాతంతో ఉంటుంది, అది తట్టుకోగలిగితే బాగుంటుంది.

నీకు చాలామంది ముందుగా 'వాచ్‌మెన్' చదవమంటారు. గొప్ప పుస్తకం, అనుమానం లేదు. అయితే అది సూపర్‌హీరో కథల మీద లేవదీసిన ఒక పెద్ద వాదన. ఆ కథలంటే ఏమిటో ఇంకా రుచి తెలియనివాడికి ముందే ఆ వాదన వినిపించడం నాకు ఇష్టం లేదు. 'డార్క్ నైట్ రిటర్న్స్' కూడా అంతే, వయసు మళ్లిన బ్యాట్‌మ్యాన్ కథ, వయసులో ఉన్న బ్యాట్‌మ్యాన్ తెలిశాక చదివితేనే ఆ ముసలితనం గుచ్చుకుంటుంది. 'కింగ్‌డమ్ కమ్' బొమ్మలు చూసి మోజు పడతావు, అలెక్స్ రాస్ రంగులు అలాంటివి. కానీ పేజీకి పాతికమంది హీరోలు కనబడే పుస్తకం అది. ఆగు.

ఇప్పుడు నంబర్ల సంగతి. కొత్తవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. ఒకటో నంబరు అంటే మొదలు అనుకుంటాం. 'యాక్షన్ కామిక్స్' సంగతి చూడు. 2011లో 904వ సంచిక తర్వాత మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టారు. 52 దాకా పోయింది. 2016లో ఆ 52ను పాత 904కు కలిపేసి, తర్వాతి సంచికకు 957 అని నంబరు వేశారు. 2018లో వెయ్యో సంచిక చేశారు. అంటే అదే పత్రికకు ఒకటో నంబరు సంచికలు రెండున్నాయి, వాటి మధ్య 73 ఏళ్ల దూరం ఉంది. దీనికి తిరగేసిన ఉదాహరణ నైట్‌వింగ్. 2021లో టామ్ టేలర్, బ్రూనో రెడోండో ఆ పత్రికను అందుకున్నది 78వ సంచిక దగ్గర. నంబరు చూస్తే మధ్యలో దూరినట్టుంటుంది, చదివితే అదే శుభ్రమైన మొదలు. అందుకని నంబరు చూడకు, రచయిత మారిన చోటు చూడు. ఒక రచయిత ఒక పత్రికను పట్టుకుని వదిలేదాకా నడిపిన భాగాన్ని రన్ అంటారు. కొత్త రచయిత వచ్చాడంటే పాతవాళ్లకూ కొత్తవాళ్లకూ కలిపి మళ్లీ పరిచయం చేస్తాడు. నువ్వు అడుగుపెట్టాల్సింది అక్కడ.

పుస్తకం చేతికొచ్చినా, ఆన్‌లైన్‌లో ఫొటో చూసినా, వెనక అట్ట కింది భాగం చదువు. అందులో ఏయే సంచికలు ఉన్నాయో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. 'ఇయర్ వన్' మీద బ్యాట్‌మ్యాన్ 404 నుంచి 407 అని ఉంటుంది, ఒకే పత్రిక, వరుస నంబర్లు. అది మంచి లక్షణం. అదే చోట ఐదారు వేర్వేరు పత్రికల పేర్లు, ఒక్కోదానికి ఒక్కో నంబరు కనిపిస్తే అది క్రాస్ఓవర్, ఒకే కథ అన్ని పత్రికల్లో ముక్కలుగా నడిచింది. ప్రస్తుతానికి వద్దు. వెన్ను మీద 2 అనో 3 అనో ఉంటే దాని మొదటి భాగం దొరికేదాకా ముట్టుకోకు.

ఇంగ్లీషు గురించి బెంగ వద్దు. నవల చదవడానికి కావాల్సిన ఇంగ్లీషు వేరు, కామిక్‌కు కావాల్సింది వేరు. ఎవరు కోపంగా ఉన్నారో, ఎవరు అబద్ధం చెప్తున్నారో బొమ్మ చెప్పేస్తుంది. నేను కొత్తవాళ్లకు చెప్పే పద్ధతి ఒకటుంది. ఒక సంచిక మొత్తం, ఇరవై పై చిలుకు పేజీలు, ముందు మాటలు చదవకుండా బొమ్మలు మాత్రమే చూసుకుంటూ పో. తర్వాత మొదటికొచ్చి మాటలతో చదువు. సగం కథ నీకప్పటికే తెలిసి ఉంటుంది. గుండ్రటి బెలూన్‌లో ఉన్నది పైకి మాట్లాడే మాట, నలుచదరం గడిలో ఉన్నది మనసులో మాటో, కథ చెప్పేవాళ్ల మాటో. ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి. రెండు బెలూన్లు ఒకేచోట ఉంటే పైన ఉన్నది ముందు. ఒక పేజీలో మూడు మాటలు తెలియకపోతే వదిలేసి ముందుకు పో, పది తెలియకపోతేనే ఫోను తీయి. పాత కామిక్స్‌లో ఏదో ఒక మాట పక్కన చుక్క గుర్తు పెట్టి, ఈ సంగతి ఫలానా సంచికలో జరిగిందని ఎడిటర్ కింద రాస్తాడు. ఆ సంచిక వెతుక్కుంటూ పోనక్కర్లేదు. అలా జరిగింది అన్నమాట, అనుకుని చదువుకో. తెలియనివాళ్లు కథలో ఎదురవడం ఈ చదువులో మామూలే, ఎన్నేళ్లు చదివినా ఎవరో ఒకరు కొత్తవాళ్లు తగులుతూనే ఉంటారు. నాకు దీంట్లో ఉన్న ఇష్టంలో అదొక భాగం.

మీ అన్నతో వాదన పెట్టుకోకు. 'ఆల్ సీజన్స్' మొదటి భాగం, ఆ తండ్రి చెప్పేది, ఆయనకు చదివి వినిపించు. వినకపోతే పోనీ, నీ డబ్బు, నీ సాయంత్రం.

డబ్బు దగ్గరికొద్దాం. ఈ పుస్తకాలు కర్నూలు పుస్తకాల షాపుల్లో దొరకడం కష్టం, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడమే దారి. 2024 నుంచి డీసీ వాళ్లు 'కాంపాక్ట్ కామిక్స్' పేరుతో చిన్న సైజు పుస్తకాలు తెస్తున్నారు. అమెరికాలో ఒక్కోటి 9.99 డాలర్లు. 'ఆల్-స్టార్ సూపర్‌మ్యాన్' పన్నెండు సంచికలూ అందులో ఒకే పుస్తకంగా వచ్చాయి. బొమ్మలు కుదించారు కాబట్టి అక్షరాలు చిన్నవి, అద్దాలుంటే పెట్టుకో. నీ బడ్జెట్‌కు దగ్గరగా వచ్చేది ఈ వరసే. ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్లు మీ రూములో ఇప్పటికే ఇద్దరున్నారు, ఇంకో ఇద్దర్ని కలుపుకుంటే తలా ఒకటి కొని మార్చుకోవచ్చు. అనంతపురంలో మేం చాలాకాలంగా చేస్తున్నది ఇదే, నా అలమరలో ఉన్నవాటికంటే నేను చదివినవి ఎక్కువ.

ఇక మార్వెల్ మీదకు మనసు మళ్లితే వాళ్లకు 'మార్వెల్ అన్‌లిమిటెడ్' అనే యాప్ ఉంది, చందా కట్టి ఫోన్లోనే వేల సంచికలు చదువుకోవచ్చు, కొత్త సంచికలు అచ్చయిన మూడు నెలలకు అందులోకి వస్తాయి. ఫోన్ స్క్రీన్ మీద ఒక్కో ప్యానెల్ పెద్దది చేసి చూపిస్తుంది, అయితే పేజీ మొత్తంగా ఎలా ఉందో తెలీదు. మొదటి రెండు పుస్తకాలైనా కాగితం మీదే చదువు.

ఆర్డర్ పెట్టేముందు పేజీల సంఖ్య చూసుకో. అదే పేరు, అదే అట్ట బొమ్మతో చాలా చవగ్గా ఏదైనా కనబడితే, అది పాత సంచికను ఉన్నదున్నట్టు మళ్లీ అచ్చేసిన విడి ప్రతి కావచ్చు. 'ఇయర్ వన్' నాలుగు సంచికలు కలిపిన పుస్తకం కాబట్టి వంద పేజీలకు అటూఇటూగానో, చివర బొమ్మల చిత్తు ప్రతులు కలిపితే ఇంకా ఎక్కువగానో ఉండాలి. ముప్పై రెండు పేజీలని రాసి ఉంటే అది ఒక్క భాగమే. 'ఆల్ సీజన్స్' రెండు వందల పేజీలు దాటుతుంది. డెలివరీ వచ్చిన రోజే పేజీలన్నీ ఒకసారి తిప్పి చూడు, అచ్చు కలిసిపోయినా, మధ్యలో పేజీలు లేకపోయినా గడువు లోపలే వెనక్కి పంపించొచ్చు.